నిమిషానికి నలభై రెండు

నంద్యాల,
10-7-1955

అక్క జీవమ్మకు తమ్ముడు జ్ఞానప్రకాశం వందనాలతో రాసేది. ఇక్కడ నేనూ కమలాక్షమ్మా కులాసా. నువ్వూ సుందరరాజు బావా కులాసాగా ఉన్నారని నమ్ముతాను.

మద్రాసులో ట్రైనింగు ముగించుకుని వచ్చి, ఇక్కడ ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరాను. డ్రిల్లు మాస్టరంటే ఈల ఊది పిల్లల్ని ఎండలో నిలబెట్టేవాడని కదా నీ లెక్క. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఇదొక శాస్త్రం. మనిషి ఎంత వేగంగా పరిగెత్తుతాడు, ఎంత బరువు మోస్తాడు, అప్పుడు గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుంది, మళ్లీ ఎంతసేపటికి నెమ్మదిస్తుంది, అన్నీ కొలవచ్చు. నా దగ్గర స్టాప్‌వాచీ ఉంది, చార్టు ఉంది. కానీ ఈ ఊళ్లో వీటి విలువ తెలిసినవాడు ఒక్కడూ లేడు. పిల్లల చెయ్యి పట్టుకుని లెక్కపెడుతుంటే మా హెడ్మాస్టరు వచ్చి, "ఏమప్పా, నాడి చూస్తాండావు, కషాయం గూడ నువ్వే కాస్తావా?" అన్నాడు. బడుద్ధాయి.

ఇప్పుడు అసలు సంగతి. మద్రాసు పత్రికకు ఒక వ్యాసం రాయాలనుకుంటున్నాను. ఇరవై నాలుగేళ్లుగా తపాలా సంచి భుజాన వేసుకుని ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి ఒకరోజు, అక్కణ్ణుంచి వెనక్కి మరుసటి రోజు, పదిహేనేసి మైళ్లు పరిగెత్తే మనిషి మన ఇంట్లోనే ఉండగా ఇంకెవరినో కొలవడమెందుకు? తను చేసే శ్రమ ఎంతో బావకు తెలియదు. ఎద్దుకు కాడి బరువు తెలియనట్టే. దాన్ని లోకానికి నేను చెబుతాను.

సెకన్ల ముల్లున్న నా పాత గడియారం పార్శిల్లో పంపిస్తున్నాను. బావ ఇంట్లో పడుకున్న రోజుల్లో, పొద్దున లేవగానే, మంచం దిగకముందే మణికట్టు మీద వేళ్లు పెట్టి నిమిషంపాటు లెక్కపెట్టి నాకు రాయి.

నీ తమ్ముడు,
జ్ఞానప్రకాశం


ఆళ్లగడ్డ,
19-7-1955

ఒరే ప్రకాశం,

నీ ఉత్తరమూ గడియారమూ చేరాయి. పార్శిలు లోపల టిక్కుటిక్కుమంటుంటే పోస్టుమాస్టరు శేషయ్య భయపడి, దాన్ని చెయ్యి చాచినంత దూరంగా పట్టుకుని తనే మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు.

ఏడాదిపాటు మద్రాసులో తిని నువ్వు నేర్చుకొచ్చింది పరిగెత్తేవాడి చెయ్యి పట్టుకుని కూర్చోవడమా? మరి పరిగెత్తడం ఎప్పుడు నేర్పుతారు? చిన్నప్పుడు బడికి ఆలస్యమైనా పరిగెత్తేవాడివి కాదు. దెబ్బలు తినడానికైనా నడిచే పోయేవాడివి. అలాంటివాణ్ణి పిలిచి పరుగుశాస్త్రం నేర్పించిన ఆ కాలేజీవాళ్లను చూడాలని ఉంది.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ఎద్దు దగ్గర ఆపి రెండోసారి చదవమన్నాడు. "ఎద్దుకు బరువు తెల్దని మీ తమ్మునికి ఎద్దు వచ్చి చెప్పిందా?" అని అడిగాడు. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆయనకు కొలత తెలియదని ఎవరు చెప్పారు నీకు? ఊరు దాటగానే కీర్తన ఎత్తుకుంటాడు. బాచేపల్లి చేరేటప్పటికి పదకొండు కీర్తనలు అయిపోవాలి. పన్నెండోది మొదలైతే ఆలస్యమైనట్టు. అక్కడ మస్తాన్‌బీ అనే ఆమె, అడవిదారిలో మృగాలు బెదరాలని ఆయన బల్లేనికి కట్టిన గజ్జెలు వినిపిస్తే పొయ్యి మీంచి కూర దించుతుంది. ఇరవై నాలుగేళ్లలో ఆమె కూర మాడలేదు. నీ స్టాప్‌వాచీని అడుగు, అది చెప్పగలదేమో.

అడిగావు కాబట్టి లెక్కపెట్టాను. మూడు పొద్దులు. నలభై రెండు, నలభై మూడు, నలభై రెండు. వ్యాసం రాసుకో.

మా మేక ఈనింది. రెండు పిల్లలు. వాటి నాడి కూడా కావాలంటే చెప్పు.

జీవమ్మ


నంద్యాల,
27-7-1955

అక్కకు,

నీ వెటకారం నాకు అలవాటే. కానీ శాస్త్రం విషయంలో పరాచికాలు కుదరవు. నలభై రెండు అనేది మనిషికి ఉండే అంకె కాదు. ఆరోగ్యంగా ఉన్నవాడికి డెబ్బై రెండు ఉండాలని చార్టులో అచ్చువేసి ఉంది. ఇంచుమించు సగం దెబ్బలు నీ వేలికి తగలడం లేదన్నమాట. నీ తప్పు కాదులే. ప్రాథమిక బడిలో పిల్లల హాజరు లెక్కపెట్టడం వేరు, ఇది వేరు. బొటనవేలు కాకుండా నడిమి మూడు వేళ్లు పెట్టు. ముల్లు పన్నెండు మీదికి రాగానే మొదలుపెట్టు. పక్కన ఎవరైనా కూర్చుని గడియారం చూస్తే ఇంకా మంచిది.

ఈసారి జాగ్రత్తగా లెక్కించి రాయి. తప్పుడు అంకెలు మద్రాసుకు పంపితే నవ్విపోతారు.

ప్రకాశం


ఆళ్లగడ్డ,
8-8-1955

శాస్త్రవేత్త జ్ఞానప్రకాశం గారి సముఖానికి, ప్రాథమిక బడి పంతులమ్మ జీవమ్మ మనవి చేసుకునేది.

అయ్యా, నీకు ఒంట్లు నేర్పింది నేనే. ఏడో ఎక్కం దగ్గర మూడు నెలలు కూర్చున్నావు. అది మరిచిపోయినట్టున్నావు.

మూడు వేళ్లు పెట్టాను. ముల్లు పన్నెండు మీదికి రాగానే మొదలుపెట్టాను. పక్కన శేషయ్య భార్య యశోదమ్మను కూర్చోబెట్టి గడియారం చూడమన్నాను. నలభై రెండు. నా వేళ్ల మీద నాకే అనుమానం వచ్చి వీధిలో దొరికినవాళ్లందరి చెయ్యి పట్టుకున్నాను. నాది డెబ్బై ఆరు. యశోదమ్మది ఎనభై. దర్జీ ఖాదర్ బాషాది డెబ్బై నాలుగు. "ఏందక్కా, నాకేమన్నా రోగముందా?" అని రెండు రోజులు నా వెంట తిరిగాడు పాపం. అందరికీ నీ చార్టు సరిపోయింది. మీ బావ ఒక్కడికే సరిపోలేదు. తప్పు నా వేలిదో, చార్టుదో నువ్వే తేల్చు.

దసరా సెలవులకు వచ్చి నీ వేలితో నువ్వే లెక్కపెట్టుకో. వచ్చేటప్పుడు చార్టు కూడా తెచ్చుకో. ఇక్కడ మేకపిల్లలకు వేసే ఆకు తక్కువగా ఉంది.

కమలాక్షమ్మను అడిగానని చెప్పు. ఆమె పంపిన చింతకాయ తొక్కు బాగుంది. నీ ఇంట్లో బుద్ధిగా చేసిన పని అదొక్కటే.

జీవమ్మ


నంద్యాల,
2-11-1955

అక్కకు,

క్షేమంగా చేరాను. నాలుగు రోజులు మీ ఇంట్లో బాగా గడిచింది. జొన్నరొట్టెలూ కోడికూరా మరిచిపోలేను.

నీ లెక్క నిజమే. నేనే నాలుగుసార్లు చూశాను. నీ వేళ్లను అనుమానించినందుకు ఏమీ అనుకోవద్దు.

బావ గురించి ఎక్కువ రాయను. రాస్తే నువ్వు కంగారు పడతావు. ఆయన్ని వీలైనంత నెమ్మదిగా పొమ్మని చెప్పు. కూర్చుని చేసే పని ఏదైనా దొరికితే ఆయనకు మంచిదని నా అభిప్రాయం. యాభై దాటిన మనిషి. మాంసం తగ్గించు. వ్యాసం ప్రస్తుతానికి ఆపేశాను.

అంతా మన మంచికేనని అనుకో.

ప్రకాశం


ఆళ్లగడ్డ,
20-11-1955

ఒరే ప్రకాశం,

నీ ఉత్తరం చూసి మొదట నవ్వుకున్నాను. ఆయన వెంట పరిగెత్తి శ్రమ కొలుస్తానని తెల్ల నిక్కరూ బూట్లూ వేసుకుని బయలుదేరి, రెండో మైలురాయి దగ్గర కూలబడి, వేరుసెనగ బండిలో కాయల మీద పడుకుని ఇంటికి వచ్చావు. ఆ సిగ్గు తీరక ఇప్పుడు మీ బావను నెమ్మదిగా పొమ్మంటున్నావు. నువ్వు అందుకోలేకపోతే లోకమంతా నడవాలా? కూర్చుని చేసే పని కావాల్సింది నీకు. ఇదీ నేను రాద్దామనుకున్న జవాబు.

నవ్వు మొన్నటితో అయిపోయింది. తపాలా ఇన్స్పెక్టరు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. రన్నరు సుందరరాజుకు గుండెజబ్బు ఉన్నట్టు నమ్మదగిన సమాచారం అందిందట. అడవిదారిలో ఎక్కడైనా పడిపోతే తపాలాకు ఎవరు దిక్కని అడిగారు. పెద్దాసుపత్రి నుంచి సర్టిఫికేటు తెచ్చేదాకా సంచి ఇవ్వకూడదట. అంతవరకు అహోబిలం బస్సులో పంపమన్నారు.

మీ బావ బల్లెం గోడకు ఆనించి అరుగు మీద కూర్చున్నాడు. "నాకేమైంది జీవమ్మా? నేను బాగనే ఉండా గదా. యాడన్నా పడినానా, ఎవురన్నా చూసినారా?" అని పొద్దున్నుంచి నాలుగుసార్లు అడిగాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను రెండోసారి అడిగిన ప్రశ్న లేదు.

ఇది ఎవరి పనో నాకు తెలుసు. ఆ బస్సులో శేషయ్య బామ్మర్దికి వాటా ఉంది. సంచి బస్సెక్కితే ఎవరికి లాభం? వాళ్ల వాకిట్లో నిలబడి యశోదమ్మకు అడగాల్సిన నాలుగు మాటలూ అడిగి వచ్చాను. నీ గడియారం చూడమని ఆమెను పిలిచింది నేనే. అంకె ఇంటికి పట్టుకుపోయి మొగుడికి చెప్పిందన్నమాట. ఇరవై ఏళ్ల స్నేహం ఇంతటితో సరి.

నువ్వు శాస్త్రం చదివినవాడివి కదా. ఆయన గుండె బాగుందని నీ డిప్లొమాతో ఒక కాగితం రాసి పంపు. నీ చదువు ఇన్నాళ్లకు ఒక పనికి వస్తుంది.

జీవమ్మ


నంద్యాల,
1-12-1955

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను.

శేషయ్య కాదు. ఇన్స్పెక్టరుకు రాసింది నేను.

నీ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడే రాశాను. నలభై రెండు చూసి బావ గుండె అలసిపోయి ఆగిపోవడానికి దగ్గరపడిందనుకున్నాను. నీతో చెబితే నవ్వుతావు, బావతో చెబితే నమ్మడు. అడవిలో ఒంటరిగా పడిపోతాడేమోనని భయమేసింది. కూర్చునే పని ఇప్పించండి, సంగతి రహస్యంగా ఉంచండి అని మాత్రమే అడిగాను. సంచి లాక్కోమని అడగలేదు. సంతకం కింద నా డిప్లొమా పేరు రాశాను. అది రాయకపోయుంటే వాళ్లు పట్టించుకునేవాళ్లు కారేమో.

ఇప్పుడు నేను ఆయన గుండె బాగుందని రాస్తే ఎవరు నమ్ముతారు? బాగుందని నాకే నమ్మకం లేదు. బావను ఇక్కడికి పంపు. ఆసుపత్రిలో నేనే చూపిస్తాను. జబ్బు ఉంటే వైద్యం చేయిద్దాం.

నాకు బావ మీద ఉన్న ప్రేమ నీకు తెలుసు.

ప్రకాశం


ఆళ్లగడ్డ,
7-12-1955

శేషయ్య ఇంటికి పోయి యశోదమ్మ చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. ఆమె మంచినీళ్లు ఇచ్చి, "మీ తమ్ముడేనా? పోనీలేమ్మా" అంది. ఆ మాట తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

ప్రేమ ఉంటే వచ్చి ఏడవాలి. సంతకం కింద డిప్లొమా రాసేది ప్రేమ కాదు.

మీ బావకు చెప్పాను. "పాపం, పిల్లోడు బయపడినాడు" అన్నాడు. ఆయన క్షమిస్తే క్షమించనీ. నేను ఆయన కాదు.

క్రిస్మస్ పోయాక పంపిస్తాను. అంతవరకు నాకు ఉత్తరాలు రాయొద్దు.


నంద్యాల,
15-2-1956

అక్కకు,

రాయొద్దన్నావు. ఇది రాయక తప్పదు.

బావ మొన్న వచ్చాడు. బస్సులో వస్తాడని స్టాండులో రెండు గంటలు నిలబడి ఇంటికి వస్తే, అరుగు మీద కూర్చుని కమలాక్షమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. బస్సులో వాంతి వస్తుందని నడిచి వచ్చాడట. ఇరవై ఐదు మైళ్లు. గుండెజబ్బు చూపించుకోవడానికి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసింది. తర్వాత మోకాలెత్తు బల్ల తెప్పించి, దాని మీదికి ఎక్కి దిగమంది. నిమిషానికి ముప్పై సార్లు, ఐదు నిమిషాలు. "డ్రిల్లు మాస్టరు గదా, నువ్వు గూడ ఎక్కప్పా" అని నా పక్కనా ఒక బల్ల వేయించింది. మూడో నిమిషంలో నేను గోడ పట్టుకున్నాను. బావ ఐదు నిమిషాలూ ముగించి, "ఇంగా ఎంతసేపు ఎక్కల్ల తల్లీ?" అని అడిగాడు. దిగాక ఆయన నాడి నెమ్మదించినంత తొందరగా నాది నెమ్మదించలేదు. నాది మళ్లీ మళ్లీ లెక్కపెట్టి ఆమె ముఖం చిట్లించింది.

ఆయన గుండె మామూలు గుండె కంటే పెద్దదట, బలమైనదట. ఏళ్ల తరబడి పరిగెత్తేవాళ్ల గుండె అట్లా తయారవుతుందట. ఒక్కో దెబ్బకు ఎక్కువ నెత్తురు తోస్తుంది కాబట్టి తక్కువసార్లు కొట్టుకున్నా చాలు. "ఇది మీ పుస్తకాల్లోనే ఉంటాదే, చదవలేదా?" అంది. ఇంటికి వచ్చి చూశాను. ఉంది. డెబ్బై రెండు ఉన్న చార్టు తర్వాత రెండో అధ్యాయం. పరీక్షకు రాదని మాస్టారు చెబితే మేమంతా వదిలేసిన అధ్యాయం. అంచులు అతుక్కుని వచ్చిన ఆ పుటల్ని ఇంకా కత్తిరించి విడదీయలేదు.

సర్టిఫికేటు బావ చేతికే ఇచ్చింది. ఇన్స్పెక్టరుకు నేను వేరుగా మూడు ఉత్తరాలు రాశాను. తప్పు నాదని, బావది ఈ తాలూకాలోనే గట్టి గుండె అని రాశాను. డిప్లొమా రాయలేదు.

బావ వెళ్లేటప్పుడు నా వీపు తట్టి, "రోజూ రొంత దూరం పరిగెత్తప్పా, నీకే మంచిది" అన్నాడు.

నీకు తిట్టాలని ఉంటే తిట్టు. ఉత్తరం మాత్రం రాయి.

ప్రకాశం


ఆళ్లగడ్డ,
30-4-1956

ప్రకాశానికి,

సర్టిఫికేటు చూసి ఇన్స్పెక్టరు చాలా సంతోషించాడట. సుందరరాజుకు ఏ జబ్బూ లేదని రికార్డులో రాసుకున్నారు. కానీ ఐదు నెలలుగా సంచి బస్సులో సక్రమంగా పోతోంది, పొద్దున్నే చేరుతోంది, ఇక ఆ దారికి రన్నరు అక్కర్లేదని పైవాళ్లు తేల్చారట. నీ కాగితం పోయేదాకా బస్సులో పంపి చూద్దామని వాళ్లకు తోచలేదు. నువ్వే తోచేట్టు చేశావు.

నువ్వు కోరుకున్నట్టే కూర్చునే పని ఇచ్చారు. శేషయ్య పక్కన స్టూలు వేసుకుని ఉత్తరాల మీద ముద్ర కొడతాడు. బల్లెమూ గజ్జెలూ ఆఫీసుకు అప్పగించమన్నారు. గజ్జెలు విప్పి మూటకట్టి ఇచ్చాడు. మూట కట్టేముందు ఒకసారి ఆడించి చూశాడు.

బస్సులో కండక్టరు సంచిని అరటిగెలల కింద పడేస్తాడు. మస్తాన్‌బీ కూర మాడుతోందని కబురు పంపింది. ఇవి నీ వ్యాసంలో ఎక్కడైనా ఇరికించు.

జీవమ్మ


ఆళ్లగడ్డ,
20-1-1957

ప్రకాశం,

నువ్వు రోజూ పొద్దున రెండు మైళ్లు పరిగెత్తుతున్నావని కమలాక్షమ్మ రాసింది. ఇప్పటికైనా బుద్ధి వచ్చింది. తొమ్మిది నెలలుగా నీ ఉత్తరాలకు జవాబు ఇవ్వలేదు. కోపం తగ్గిందని కాదు, నీకు ఒక లెక్క చెప్పాల్సి ఉండి రాస్తున్నాను.

నీ గడియారం ఇంకా నా దగ్గరే ఉంది. సంచి పోయినప్పటి నుంచి ఆయన రోజూ ఇంట్లోనే పడుకుంటున్నాడు. లేవగానే తనే చెయ్యి చాపుతాడు. డాక్టరమ్మ ఆయనకు చెప్పిన మాటల్లో మనసులో నిలిచింది ఒక్కటే, అంకె తక్కువగా ఉంటే గుండె గట్టిదని. మొదట్లో ఆ ఆట నాకూ బాగానే ఉండింది. సంచి తీసుకుంటే తీసుకున్నారు, గుండెను ఎవరు తీసుకుంటారని అనుకునేవాళ్లం.

కిందటి వేసవిలో యాభై అయింది. సాయంత్రం నడిచి రమ్మన్నాను. సంచి లేకుండా ఆ దారిన పోతే జనం ఏమనుకుంటారని ఊరి బయట దాకా పోయి తిరిగి వచ్చేవాడు. అదీ మానేశాడు. ముద్ర కొట్టీ కొట్టీ భుజం వంగింది. వానలకు యాభై ఎనిమిది. క్రిస్మస్‌కు అరవై ఆరు. గుడిలో ఆరాధనప్పుడు కీర్తన మొదలుపెట్టి రెండో చరణంలో ఊపిరి అందక ఆపాడు. పదకొండు కీర్తనలు పరిగెత్తుతూ పాడిన మనిషి. నేను పుస్తకంలో తల పెట్టుకుని కూర్చున్నాను.

ఇవ్వాళ పొద్దున డెబ్బై రెండు. రెండోసారి లెక్కపెట్టాను. డెబ్బై రెండే. నీ చార్టులో అచ్చువేసి ఉన్నదానికి ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. మీ శాస్త్రం ప్రకారం నా మొగుడు ఇప్పటికి ఆరోగ్యవంతుడయ్యాడు.

"ఎంత?" అని అడిగాడు.

నలభై రెండు అన్నాను. వేసవి నుంచి అదే చెబుతున్నాను. ఒకటి తక్కువ చెప్పినందుకు పిల్లల అరచేతుల మీద బెత్తం వేసినదాన్ని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "చూస్తివా, యాడికీ పోల్యా" అని లేచి, ముద్ర కొట్టడానికి పోయాడు.

ఈస్టరుకు రా. ఆయన నిన్ను చాలాసార్లు అడిగాడు. రాగానే నీ ముందు చెయ్యి చాపుతాడు. నా లెక్క కంటే నీ లెక్క మీద ఆయనకు నమ్మకం ఎక్కువ, చదివినవాడివి కదా. మూడు వేళ్లు పెట్టు. నిమిషం నిండా పట్టుకో, మధ్యలో వదలొద్దు, ముఖం మారనివ్వొద్దు. నలభై రెండు అని చెప్పు.

అక్క,
జీవమ్మ